గొఱ్ఱు కొయ్యకు రంధ్రములు వంకరపోకుండ తొలుచు విధము

నాయుడుపేట ప్రాంతమున స్వర్ణముఖీ తీరపు ఇసుకపాలు గల నేలలలో వేరుసెనగను గొఱ్ఱుతో విత్తుచోట సాళ్ళు సమదూరమున పడుట మిక్కిలి ముఖ్యము. సాళ్ళు చెదరినప్పుడు ఎద్దులను, తోలువానిని నిందించుట వాడుక. అనేక పర్యాయములు దోషము వారిది గాదు. వడ్రంగి అడ్డకొయ్యకు తొలిచిన రంధ్రమే వంకరగా నుండును.

ఆ వంకర ఎంత నష్టము చేయునో లెక్కించి చూడవచ్చును. అడ్డకొయ్య మందము 10 సెంటీమీటర్లనియు, దాని క్రింద పంటి పొడవు 60 సెంటీమీటర్లనియు అనుకొందము. రంధ్రము క్రింది ముఖమున 3 మిల్లీమీటర్లు మాత్రమే ప్రక్కకు తేలినచో, పంటి మొన 21 మిల్లీమీటర్లు ప్రక్కకు పోవును. ప్రక్కనున్న పన్ను దీనికి ఎదురుగా వాలినచో 30 సెంటీమీటర్ల యెడము 25.8 సెంటీమీటర్లకు దిగును. అటుపై దంతి తోలునప్పుడు దాని అలుగు ఆ యిరుకు సాలులో మొక్కల వేళ్ళను కోయును. గొఱ్ఱు పొలములో ఎన్ని మారులు తిరిగిన అన్ని మారులును ఇదే తప్పు పడుచుండును.

గొఱ్ఱు మనకు క్రొత్తది గాదు. 18వ శతాబ్దపు చివర కెప్టెన్ హాల్కాట్ అను ఆంగ్లేయుడు దక్షిణ హిందూదేశమున దీనిని చూచి, అది తాను తలచినట్లు ఐరోపావారి నూతన కల్పనము గాదని వ్రాసెను. ధరంపాల్ 1971లో ప్రకటించిన గ్రంథమున ఆ వ్రాత చేరియున్నది.

రంధ్రములు తొలుచుటకు పట్టణములలో నిలువు యంత్రములు కలవు. పల్లెలోని వడ్రంగికి కమాను బర్మాయో, చేతితో త్రిప్పు బర్మాయో, విద్యుచ్ఛక్తితో తిరుగు చేతిబర్మాయో ఉండును. వీనిలో దేనితోనైనను పని తిన్నగా చేయవచ్చును. అయితే మొదట కొయ్య ఆరినదిగా నుండవలెను. పచ్చి తుమ్మలో ఎంత చక్కగా తొలిచినను ఆరిన పిమ్మట రంధ్రము కోలగా మారును.

అడ్డకొయ్యను నాలుగు ముఖములు చిత్రిక పట్టి, మూలమట్టముతో గీతను చుట్టును త్రిప్పి, పై ముఖమునను క్రింది ముఖమునను రంధ్రపు నడిమి గుర్తు పెట్టవలయును. గుర్తుపై దబ్బనముతో చిన్న గుంట చేయనిచో బర్మా మొన కొయ్య ఈనె వెంబడి జారును. సగము లోతు పైనుండి, తక్కిన సగము క్రిందినుండి తొలువవలెను. ఇట్లు చేసిన తప్పు మధ్యలో దాగును, ఆవలి అంచు పెచ్చులూడదు.

తొలుచువానికి కుడియెడమల వాలు కానవచ్చును గాని, తనవైపునకు వచ్చు వాలు కానరాదు. తప్పులలో పెక్కు ఇచ్చటనే పుట్టును. కావున మూలమట్టమును నిలిపి ప్రక్కనుండి మరియొకడు చూడవలెను. తోడు లేనిచో చిన్న అద్దమును గుర్తు ప్రక్కన పఱచి చూడవచ్చును. బర్మా కాడయు దాని ప్రతిబింబమును ఒకే గీతగా కనబడినచో నిలువు సరి. ఎదుటినుండి ఒకమారు, ప్రక్కనుండి ఒకమారు చూడక తప్పదు. అడ్డముగా తొలుచునప్పుడు చేతిబర్మా కాడకు ఒక ఇనుప ఉంగరము తొడిగినచో, మొన వ్రాలినప్పుడు అది మొనవైపునకును, మొన లేచినప్పుడు చేతివైపునకును జారుచుండును.

వీని యన్నిటికంటెను గాడిదిమ్మ నమ్మదగినది. 8 సెంటీమీటర్ల యెత్తు గల గట్టి కొయ్యదిమ్మకు అడుగు సమముగా చిత్రిక పట్టి, ఒక ప్రక్కను రంపముతో నిలువుగా కోణపు గాడి కోయవలెను. దీనికి రంధ్రముతో పనిలేదు గనుక రంపము, ఉలి, మూలమట్టము చాలును. బర్మా మొనను గుర్తుపై నిలిపి, దిమ్మను జరిపి గాడిలో కాడ ఆనునట్లు చేసి, దిమ్మ కదలకుండ బిగింపవలెను. కమాను లాగుడుకు కాడ ఊగుట సహజము. గాడి ఆ ఊగును అణచును. విద్యుత్ బర్మా వేగముగా దిగును గాన ప్రారంభమున మెల్లగా త్రిప్పుచు, పొట్టును తీయుచుండవలెను.

పండ్లు ముందునకు వాలవలసిన గొఱ్ఱునకు దిమ్మ అడుగునే ఆ వాలునకు కోసి, అన్ని రంధ్రములకును ఆ యొక్క దిమ్మనే వాడవలెను. వాలు కొంచెము హెచ్చుతగ్గులైనను కొఱత లేదు. పండ్లన్నియు ఒకే వాలున నుండవలెను. లేనిచో ఒక పన్ను లోతుగాను, మరియొకటి పైపైనను గింజ వేయును. వేరుసెనగ గింజ 5 సెంటీమీటర్ల లోతున పడుట మంచిది. జడ్డిగపు రంధ్రములు ఒకే కొలతగా, లోపల నునుపుగా నుండవలెను. గరుకైన రంధ్రములో గింజ తగులుకొన్నచో విత్తు స్త్రీ చేయి ఎంత నిదానమైనదైనను సాలు ఖాళీ పడును.

పండ్లు బిగించిన తరువాత గొఱ్ఱును సమమైన నేలపై నిలిపి, మొనల మధ్య యెడమును ఒకే పుల్లతో కొలిచి చూడవలెను. ఏదేని రంధ్రము వంకరయని తేలినచో మేకు దిగగొట్టి సరిపెట్టరాదు. రెండు మూడు ఎకరములు తోలునప్పటికి మేకు వదులగును. అదే జాతి ఆరిన కొయ్యతో రంధ్రమును బిగువుగా పూడ్చి, మరల గుర్తు పెట్టి, గాడిదిమ్మతో తొలువవలెను.