చక్కెర లేని తీపి

1879లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఫాల్‌బర్గ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు చేతులు కడుగుకొనకయే భోజనమునకు కూర్చుండెను. రొట్టె మిక్కిలి తీయగా నుండెను! చేతికంటిన ఆ పదార్థమే శాకరిన్. అశుభ్రత వలన శాస్త్రమునకు మేలు కలుగుట అరుదు. 1952లో బ్రూక్లిన్ సోడా వర్తకుడు కిర్ష్, అట్టిదే మరియొక కృత్రిమ పదార్థముతో, మధుమేహ రోగులకై చక్కెర లేని పానీయమును తయారుచేసెను. బరువు తగ్గగోరువారును దానిని కొనజొచ్చిరి.

మామూలు కోలా 330 మిల్లీలీటర్లలో సుమారు 35 గ్రాముల చక్కెర యుండును. దానిని మాని డైట్ సోడా త్రాగువాని బరువు కొంత తగ్గవచ్చును. కాని, చక్కెర మిగిలినది గదా యని మిఠాయి అధికముగా తినినచో ఫలమేమి? మంచినీరు త్రాగువానికి తగ్గుటకు చక్కెరయే లేదు. దీర్ఘకాలమున ఇట్టి తీపులవలన క్రొవ్వు తగ్గదని తలచి, బరువు తగ్గుటకై వీనిని వాడవలదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. మధుమేహ రోగులకు ఆ సూచన వర్తింపదు.