మైకు ముందుకు వచ్చినవాళ్ల దగ్గర నేర్చుకున్నవి

ఆకాశవాణి కార్యక్రమాల విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఈమధ్య కమ్యూనిటీ రేడియో నడిపే పిల్లలు, పాడ్‌కాస్టులు చేసే పిల్లలు ఇంటికి వచ్చి, "మన ప్రాంతపు కళాకారుల చేత కార్యక్రమాలు చేయించాలనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి మాస్టారూ" అని అడుగుతున్నారు. వాళ్లకు నోటితో చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఢిల్లీ నుంచి రిలే అయ్యే జాతీయ సంగీత కార్యక్రమం ఎంత గొప్పదైనా, పక్క ఊరి పాటగాడి గొంతు రేడియోలో వినపడిననాడు ఊళ్లో ఉండే సందడి వేరు. ఆ పాటగాడు ఊళ్లో ఎలా పాడతాడో మైకు ముందు కూడా అలాగే పాడేట్టు చూడటమే మన ఉద్యోగం. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

1. కళాకారుడు వచ్చేసరికి మీరు స్టూడియోలో ఉండండి.

బుర్రకథ దళం వస్తోందంటే, ముగ్గురే కదా, తేలిగ్గా అయిపోతుందనుకుంటారు. కథకుడికి భుజాన తంబుర, కుడిచేతి వేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. చెరో పక్కన వంతలు, వాళ్ల చేతుల్లో డక్కీలు. కథకుడు వేదిక మీద ఒకచోట నిలబడడు. చరణం ఎత్తుకుంటూ ముందుకు అడుగులేస్తాడు, వంతల వైపు తిరిగి మళ్లీ వెనక్కి వస్తాడు. లయంతా ఆ అడుగులోనే ఉంటుంది. ఒకసారి ఒక పెద్దాయన్ని, కదలకుండా మైకుకు జానెడు దూరంలో నిలబడి చెప్పమన్నారు. పల్నాటి యుద్ధం ఆయనకు నిద్రలో లేపి అడిగినా వచ్చే కథ. అలాంటిది వీరావేశం రావలసిన చోట తడబడి ఆగిపోయాడు. అప్పుడు ఇంజనీరుగారిని బతిమాలి మైకును ఎత్తు పెంచి వెనక్కి జరిపించాం. గజ్జెల మోత మాటను ముంచెయ్యకుండా కింద మందపాటి జంపఖానా పరిపించాం. డక్కీలను కాస్త వెనక్కి పంపి, హాస్యం చెప్పే వంతకు విడిగా మైకు పెట్టాం. ఆయన నాలుగడుగులు వేసి చూసుకుని, "ఇప్పుడు చెబుతాను బాబూ" అన్నాడు. సర్దుకోవడానికి గంట పైన పట్టింది, రికార్డింగు అరగంటే. ఆ గంట మీరు ఇవ్వకపోతే శ్రోతకు అందేది బుర్రకథ పాఠమే, బుర్రకథ అందదు.

2. పక్కవాద్యం వాయించినవారి పేరు మొదట ఒకసారి, చివర ఒకసారి చెప్పండి.

కచేరీ హాల్లో అయితే మృదంగ విద్వాంసుడు కళ్లకు కనపడతాడు. రేడియోలో ఆయన పేరు ఎనౌన్సరు చెబితేనే ఆయన ఉన్నట్టు. అన్నవరపు రామస్వామి గారి వయొలిన్, దండమూడి రామమోహనరావు గారి మృదంగం తెలుగు ఇళ్లలో పేరుపెట్టి గుర్తుపట్టేలా అయ్యాయంటే, విజయవాడ కేంద్రం ఆ పేర్లను ఏళ్ల తరబడి పలకడం కూడా ఒక కారణం. టైము చాలలేదని ఎనౌన్సుమెంటు కుదించాల్సి వస్తే మీ పేరు తీసెయ్యండి, వాళ్లది తియ్యకండి.

3. నిబంధన దేనికి పెట్టారో తెలుసుకోండి, అది ఎవరిని బయట నిలబెడుతోందో కూడా చూడండి.

ఆకాశవాణి ఆడిషన్ పద్ధతిని నేను ఎప్పుడూ సమర్థిస్తాను. వినేవాళ్లకు పాడేవాళ్లు కనపడరు, పేరు తెలియదు. జమీందారు గారి బంధువైనా, గుళ్లో నాదస్వరం వాయించే కుటుంబం నుంచి వచ్చినా వినపడేది గొంతూ వాద్యమే. బి, బి హై, ఏ, టాప్ అనే గ్రేడు చేతికొస్తే చిన్న ఊరి విద్వాంసుడికి నాలుగు సభల్లో పిలుపు వచ్చేది. ఆ మేలు తక్కువది కాదు.

అదే సంస్థ 1940లో హార్మోనియాన్ని స్టూడియోల నుంచి నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. మెట్ల మీద పలికే స్వరం గమకాన్ని పట్టుకోలేదన్నది వాళ్ల వాదన. కర్ణాటక కచేరీ సంగతి వరకు ఆ వాదనలో పస ఉంది. కానీ మన పద్య నాటకం ఏమైపోవాలి? పద్యం ఎత్తుకునే ముందు నటుడికి శ్రుతి అందించేది, రాగం తీస్తుంటే వెంట నడిచేది, ఊపిరి తీసుకునే సందులో పట్టు సడలకుండా నిలబెట్టేది హార్మోనిస్టే. స్టేజి మీద నటుడితో సమానంగా చప్పట్లు అందుకున్న ఆ హార్మోనిస్టులు ఒక తరంపాటు స్టూడియో గడప బయటే ఉండిపోయారు. మీరు రేపు ఏదైనా నియమం పెట్టేటప్పుడు మీ ప్రాంతంలో ఏ కళ ఏ వాద్యం మీద ఆధారపడి బతుకుతోందో ముందు కనుక్కోండి.

4. రచయిత చేత చదివించే ముందు ఆయన చేత మాట్లాడించండి.

తెలుగు రేడియోకు రచయితల కరువు ఎన్నడూ లేదు. బుచ్చిబాబు, జరుక్ శాస్త్రి, మునిమాణిక్యం వంటివారు అందులో ఉద్యోగాలే చేశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు హైదరాబాద్ కేంద్రంలో పనిచేశారు. తర్వాత జబ్బు చేసి గొంతు పోయి, పలక మీదో కాగితం మీదో రాసి చూపించి మాట్లాడుకోవాల్సి వచ్చినా, ఆయన లలిత గీతాలు రేడియోలో మాత్రం ఆగలేదు. ఇంత పెద్ద రచయితలున్నా, కాగితం మీద వెలిగిన వాక్యం చెవికి బరువైపోవడం నేను చాలాసార్లు విన్నాను. నాలుగు పదాల సమాసం కంటికి ఇంపుగానే ఉంటుంది. వినేవాడికి వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకునే వీల్లేదు.

అందుకని ప్రసంగం రికార్డు చేసే ముందు, స్క్రిప్టు పక్కన పెట్టించి, "ఇందులో ఏం చెప్పారో నాకు చెప్పండి" అని అడిగేవాణ్ణి. టీ తాగుతూ ఆయన చెప్పిన మాటల్లో రెండు మూడు వాక్యాలు స్క్రిప్టు కంటే బాగుండేవి. వాటిని పెన్సిలుతో మార్జినులో రాసి, "ఇలా చదువుతారా" అని చూపించేవాణ్ణి. ఏ రచయితా కాదనలేదు. ఉషశ్రీ గారి రామాయణ, భారత ప్రసంగాలు అంతమంది పెట్టుకుని విన్నారంటే, చదువుకోని ఇల్లాలు మొదలు పండితుడి దాకా అందరికీ మాట ఆగకుండా అర్థమవుతూ పోవడమే కారణమని నేననుకుంటాను.

5. యాస దిద్దకండి.

శ్రీకాకుళం రచయిత శ్రీకాకుళంలాగే మాట్లాడాలి, పాలమూరు కవి పాలమూరులాగే. ఇందులో చర్చ అక్కర్లేదు.

6. పాడేవాళ్లతో పాటు, పాడటానికి చోటు కల్పించినవాళ్లను కూడా పిలవండి.

ఇది అందరూ మరిచిపోయే సంగతి. బందా కనకలింగేశ్వరరావు గారు ఏలూరులో వకీలు, పేరున్న రంగస్థల నటులు, విజయవాడ కేంద్రంలో నాటకాలకు ప్రయోక్త. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రం వెలిసిందంటే అందులో ఆయన శ్రమ ఉంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా మద్రాసులో, ఆ తర్వాత హైదరాబాద్‌లో పిల్లల చేత పాడించారు, నాటకాలు వేయించారు. వాళ్ల చేతి కింద పెరిగిన పిల్లలెందరో పెద్దయ్యాక కళాకారులయ్యారు. బాలాంత్రపు రజనీకాంతరావు గారు పాట రాసి, బాణీ కట్టి, స్టేషన్ డైరెక్టరు కుర్చీలో కూడా కూర్చున్నారు. 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. అలాంటి మనిషి చేతికి అధికారం వస్తే ఏమవుతుందో భక్తిరంజని కార్యక్రమం విన్న ఇళ్లకు తెలుసు. బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి విద్వాంసులు కచేరీకి చేసే సాధనంతా తత్వాలకు, భజన పాటలకు కూడా చేశారు.

మీ ఊళ్లో త్యాగరాజ ఉత్సవాలు నడిపే పెద్దమనిషో, నాటక పరిషత్తు కార్యదర్శో ఉంటారు. వాళ్లను సంస్థ ఆశయాల గురించి అడిగితే సావనీరులో అచ్చేసిన మాటలే చెబుతారు. చందా పుస్తకం పట్టుకుని మొదట ఎవరింటికి వెళ్లారు, వాన పడిన ఏడాది పందిరి ఏమైంది, దూరం నుంచి వచ్చిన విద్వాంసులకు భోజనం ఎవరింట్లో పెట్టారు, ఇవి అడగండి. ఊరి సంగీత చరిత్ర అక్కడి నుంచి బయటికి వస్తుంది.

7. వివరాలు టేపు మీదే చెప్పి దాచండి.

నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. స్పూలు టేపులు ఖరీదైన రోజుల్లో ప్రసారం అయ్యాక దానిమీదే ఇంకోటి రికార్డు చేసేవారు. వెళ్లిపోయినవి వెళ్లిపోగా, మిగిలినవాటిలో కొన్నిటికి అట్టపెట్టె ఒకటి, లోపలి స్పూలు ఇంకొకటి. తండ్రి గొంతు ఒక్కసారి వినిపించమని వచ్చిన కొడుకు ముందు బీరువా తెరిచి వెతికినవాళ్లకు తెలుస్తుంది ఆ నరకం. కాబట్టి పాట మొదలవకముందే మైకులో పలకండి: పాడేవారి పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, రాగతాళాలు, పక్కవాద్యాలు, తేదీ. ఎడిటింగులో ప్రసారానికి కత్తిరించుకోండి, దాచేది మాత్రం పూర్తిగా దాచండి. ఇప్పుడు ఫైళ్లకు డబ్బు కాదు, స్థలం కాదు, కావలసింది ఓపిక. ఒక ప్రతి కళాకారుడి ఇంటికి కూడా పంపండి.

జముకుల కథ, శారద కథ, చిందు యక్షగానం చెప్పే ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లు స్టూడియోకు రాలేరు. మీరే వెళ్లండి.

8. డబ్బు సంగతి ముందే చెప్పండి.

రేడియోలో వస్తే చాలు, పారితోషికం ఎందుకులే అని కళాకారుడు మొహమాటపడతాడు. ఆ మొహమాటాన్ని వాడుకోకూడదు. ఎంత ఇస్తారో, బస్సు ఛార్జీలు ఇస్తారో లేదో, ఎప్పుడు ఇస్తారో పిలిచినప్పుడే చెప్పండి. వంతలకూ పక్కవాద్యాలకూ విడివిడిగా ఇవ్వండి, దళ నాయకుడి చేతిలో మొత్తం పెట్టి పంచుకోమనకండి. ప్రసారం తేదీ, సమయం కాగితం మీద రాసి చేతికివ్వండి. ముందురోజు ఇంటికి ఫోన్ చేసి మనవడితోనో మనవరాలితోనో మరోసారి చెప్పండి, రేపు స్టేషన్ పెట్టి వినిపించాల్సింది వాళ్లే.