7.3 ద్రావణ గాఢతను లెక్కించటం

గ్లాసు నీటిలో చెంచాడు ఉప్పు కలిపితే నోట పెట్టలేము. అదే ఉప్పు డ్రమ్ము నీటిలో కలిపితే రుచికే తెలియదు. కాబట్టి "ఉప్పు ఎంత?" అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. "ఎంత ద్రావణంలో ఎంత ఉప్పు?" అని అడగాలి. ఈ నిష్పత్తినే గాఢత అంటారు.

ద్రవ్యరాశి శాతం = (ద్రావితం ద్రవ్యరాశి ÷ ద్రావణం ద్రవ్యరాశి) × 100

20 గ్రాముల ఉప్పును 180 గ్రాముల నీటిలో కరిగించారనుకోండి. చాలామంది 20ని 180తో భాగించి 11.1 శాతం అంటారు. అది తప్పు. ద్రావణమంటే ఉప్పు, నీరు కలిసినది. దాని ద్రవ్యరాశి 200 గ్రాములు. గాఢత 10 శాతం. ఈ అధ్యాయంలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ద్రావితం మరీ తక్కువగా ఉన్నప్పుడు శాతంతో చెప్పటం ఇబ్బంది. అప్పుడు పది లక్షల భాగాల ద్రావణంలో ఎన్ని భాగాలున్నాయో చెబుతారు. దీన్ని పి.పి.ఎం. అంటారు. ఒక లీటరు నీరు సుమారు ఒక కిలోగ్రాము, అంటే 10 లక్షల మిల్లీగ్రాములు. అందుచేత బాగా పలుచని నీటి ద్రావణాలలో లీటరుకు 1 మిల్లీగ్రాము అంటే 1 పి.పి.ఎం. చిక్కని ద్రావణాలకు ఈ సులువు వర్తించదు.

ఇంత చిన్న సంఖ్యతో పనేమిటి అనుకోవద్దు. ఢిల్లీలో వజీరాబాద్ వద్ద యమునా నది నుండి నీటిని తీసుకుని వజీరాబాద్, చంద్రావల్ కేంద్రాలలో శుద్ధి చేస్తారు. ఎగువన పరిశ్రమల వ్యర్థాలు, మురుగు కలిసి నదిలో అమ్మోనియా పెరుగుతుంటుంది. అది సుమారు 1 పి.పి.ఎం. దాటితే అక్కడ శుద్ధి కష్టమవుతుంది. 2021 జనవరిలో ఇలాగే జరిగి నీటి ఉత్పత్తిని తగ్గించవలసి వచ్చింది. నగరంలో చాలా ప్రాంతాలకు నీరు సరిగా అందలేదు. తాగే నీటిలోనైతే భారతీయ ప్రమాణాల ప్రకారం అమ్మోనియా లీటరుకు 0.5 మిల్లీగ్రాములు మించరాదు.

ఉదాహరణ: 2 లీటర్ల నది నీటిలో 5 మిల్లీగ్రాముల అమ్మోనియా ఉంది. గాఢత ఎంత? దాన్ని 1 పి.పి.ఎం.కు తేవాలంటే ప్రతి లీటరుకూ ఎంత శుభ్రమైన నీరు కలపాలి?

సాధన: 5 ÷ 2 = 2.5 పి.పి.ఎం. శాతంలో ఇది 0.00025 మాత్రమే! నీరు కలిపినా అమ్మోనియా పరిమాణం మారదు. కనుక,

మొదటి గాఢత × మొదటి ఘనపరిమాణం = చివరి గాఢత × చివరి ఘనపరిమాణం

2.5 × 1 = 1 × చివరి ఘనపరిమాణం

చివరి ఘనపరిమాణం 2.5 లీటర్లు. కలపవలసింది మాత్రం 1.5 లీటర్లే, ఎందుకంటే ఒక లీటరు ముందే ఉంది.

పాఠ్యాంతర ప్రశ్న

1000 లీటర్ల ట్యాంకులో క్లోరిన్ 2 పి.పి.ఎం. ఉండేటట్లు బ్లీచింగ్ పౌడరు వేయాలి. పౌడరులో పనిచేసే క్లోరిన్ 25 శాతం. ఎన్ని గ్రాములు కావాలి? పౌడరు పాతబడి అది 20 శాతానికి తగ్గితే ఎన్ని గ్రాములు?

జవాబు: కావలసిన క్లోరిన్ 2000 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాములు. కొత్త పౌడరైతే 8 గ్రాములు, పాతదైతే 10 గ్రాములు.