వేలు, నోరు, శుక్రవారం

సాయంత్రాలు పిల్లల్ని చదివించడానికి నేను వెళ్లే బడిలో ఒక మూడో తరగతి పిల్లాడు వాచకం తెరిచి పాఠం చదువుతున్నాడు. గొంతు ఖంగుమంటోంది, తడబాటు లేదు. వింటూ మురిసిపోయాను. అంతలో నా చూపు వాడి వేలి మీద పడింది. నోరు నాలుగో వాక్యంలో ఉంటే వేలు ఇంకా రెండో వాక్యం మీదే ఉంది. పేజీ తిప్పాల్సిన చోట తిప్పకుండానే చివరిదాకా అప్పజెప్పేసి నా మొహంలోకి చూశాడు. వాడికి చదవడం రాదు. క్లాసులో అందరితో కలిసి వల్లించగా వల్లించగా పాఠం కంఠతా వచ్చేసింది.

"నీకు చదవడమే రాదు కదరా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే రెండో తరగతి చదివే వాడి చెల్లెలు కూర్చుని ఉంది. మాట మింగేశాను. వాచకం పక్కన పెట్టి, "మీ ఇంటి దగ్గర ఏమున్నాయిరా?" అని అడిగాను.

"మేక ఉందన్నా. రాత్రి ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది."

ఆ మాటల్నే పలక మీద రాసి చేతికిచ్చాను. ఈసారి నోరు వేలి కోసం ఆగింది. "మే... క." తర్వాత "ఈ... నిం... ది." తన ఇంటి సంగతి పలక మీద కనిపిస్తుంటే వాడి కళ్లు పెద్దవయ్యాయి. "నల్లది" దగ్గర మాత్రం చిక్కుకున్నాడు. "నలది" అన్నాడు. లకారం కింద ఉన్న ఒత్తు వాడికి అక్కరలేని గీతలా ఉంది. గుణింతాల దాకా బాగానే వచ్చి ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్లలు మన బళ్లలో ఎందరో ఉన్నారు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్, పిల్లల నోటి నుంచి వచ్చిన మాటలనే వాళ్ల తొలి పాఠాలుగా మలిచి, ఆ అనుభవాన్ని 1963లో వచ్చిన 'టీచర్' పుస్తకంలో రాశారని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నాకు తోచింది మాత్రం మేక గురించి అడగడమే.

ఓపిక గురించి నేను చాలా చదివాను. ఒక మాటను నాలుక చివరి నుంచి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల వరండాలో, ఆ పలక ముందు కూర్చున్నప్పుడే తెలిసింది. పెద్దవాళ్ల మీద విసుక్కుంటే వాళ్లు తిరిగి ఏదో అంటారు, లెక్క సరిపోతుంది. పిల్లలు ఏమీ అనరు. మర్నాటి నుంచి పుస్తకం తీయడం మానేస్తారు.

ఆ పిల్లాడు ఒంటరివాడు కాడు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వే 2024లో తేల్చింది చూడండి. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదువుతున్నవాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 23.4 శాతం. అంటే నలుగురిలో ఒక్కరు కూడా పూర్తిగా లేరు. అసర్ వాళ్ల పరీక్ష చాలా తేలిక, ఎవరైనా చేయొచ్చు: అక్షరాలు, చిన్న చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఆపైన ఒక చిన్న కథ. పిల్లాడు ఏ మెట్టు మీద ఆగాడో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. నేనూ అలాగే చూసుకున్నాను. తరగతుల్ని పక్కన పెట్టి, పదాల దగ్గర ఆగినవాళ్లను ఒక చాప మీద, పేరా చదవగలిగినవాళ్లను ఇంకో చాప మీద కూర్చోబెట్టాను. ఒక అయిదో తరగతి పిల్ల రెండో తరగతి వాళ్ల మధ్య కూర్చోవాల్సి వచ్చి నామోషీ పడింది. ఆమెకు సుద్దముక్కల డబ్బా అప్పగించాను. అప్పటి నుంచి అందరికంటే ముందు వచ్చి కూర్చునేది.

"నేను టీచర్ ట్రైనింగ్ చేయలేదు కదా" అని వెనకాడేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ముంబైలో, వడోదరలో 'ప్రథమ్' సంస్థ బాలసఖి అనే కార్యక్రమం నడిపింది. బాలసఖులంటే ఆ చుట్టుపక్కల బస్తీల్లోని యువతులే. వాళ్లకిచ్చిన శిక్షణ దాదాపు రెండు వారాలు. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని రోజుకు రెండేసి గంటలు విడిగా కూర్చోబెట్టుకుని చదివించారు. 2019లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సహచరులతో కలిసి దీన్ని లెక్కగట్టి చూశారు. పిల్లల మార్కులు పెరిగాయి, బాగా వెనకబడినవాళ్లకు మరింత మేలు జరిగింది. ఆ అమ్మాయిలకు పెద్ద డిగ్రీలు లేవు. పిల్లాడు ఆగిపోయిన చోట తామూ ఆగి, వాడితో పాటు కూర్చున్నారు.

ఇక నా తప్పు. మంగళవారం, శుక్రవారం వస్తానని పిల్లలకు మాటిచ్చాను. నాలుగు నెలలు వెళ్లాను. తర్వాత ఆఫీసులో పని మీద పడింది, మూడు వారాలు వెళ్లలేదు. కబురు కూడా పంపలేదు. చిన్నపిల్లలు, ఆడుకుంటూ మరిచిపోతారులే అనుకున్నాను. తిరిగి వెళ్లిన రోజు మిగతావాళ్లు చుట్టూ మూగారు. మేక పిల్లాడు మాత్రం వరండా ఆ చివర స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. పిలిస్తే వచ్చాడు గానీ పలక ఇవ్వలేదు. చెల్లెలే చెప్పింది: "నువ్వు రాని రోజు కూడా చీకటి పడేదాకా ఇక్కడే ఉన్నాడన్నా."

ఆ మాట విన్నాక చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఇలా మధ్యలో వదిలేస్తే పిల్లలకు ఏమవుతుందో తర్వాత వెతికి చదివాను. 1904లో న్యూయార్క్‌లో మొదలైన ఉద్యమం నుంచి పెరిగిన 'బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్' సంస్థ ఒక్కో పిల్లకీ, పిల్లాడికీ పెద్దవాళ్లలో ఒకరిని జతచేస్తుంది. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు 10 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఆ జతల్ని పరిశీలించి, ఫలితాలను 2002లో ప్రచురించారు. ఏడాదికి పైగా సాగిన స్నేహాలు పిల్లలకు ఎక్కువ మేలు చేశాయి. మూడు నెలల లోపే తెగిపోయిన చోట మాత్రం పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం తగ్గింది. మధ్యలో వదిలేసే మంచి పని పిల్లల్ని ఎక్కడున్నవాళ్లను అక్కడే ఉంచదు, ఇంకో మెట్టు కిందికి దింపుతుంది. పిల్లాడు ఆఫీసు పనిని తప్పు పట్టడు. తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు.

అందుకని, ఇలాంటి పనికి ముందుకొచ్చే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది, తక్కువ మాటివ్వండని. ఉత్సాహంలో వారానికి అయిదు రోజులంటారు. నిలబెట్టుకోగలిగింది ఒక్క రోజైతే ఒక్క రోజే చెప్పండి, ఆ రోజు వాన పడ్డా వెళ్లండి. కాలేజీలో ఎన్ఎస్ఎస్‌లో ఉన్నవాళ్లు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ర్యాలీలకూ, చీపుర్లు పట్టుకునే ఒక్కపూట కార్యక్రమాలకూ ఆ గంటలు కరిగిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. వారానికి రెండు సాయంత్రాలు, పూటకు గంటన్నర, 40 వారాలు వేసుకుంటే సరిగ్గా 120 గంటలు. ఒకే బడి, ఒకే వరండా, ఆ పిల్లలే.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. హెడ్మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల ఒప్పుదల లేకుండా మొదలుపెట్టకూడదు. నలుగురికీ కనిపించే చోటే కూర్చోవాలి, ఏ పిల్లనీ పిల్లాడినీ ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్లకూడదు. మధ్యాహ్న భోజనం తిన్న పొట్టలు సాయంత్రానికి ఖాళీ అవుతాయి కాబట్టి గుప్పెడు వేయించిన శనగలో బెల్లం ముక్కో దగ్గర ఉంటే మంచిది. పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. చదవలేకపోతున్న పిల్లాడి మొహం మన సేవకు రుజువుగా ఊరంతా తిరగకూడదు.

నేను తిరిగి వెళ్లిన రెండో వారం వరండా గోడ మీద సుద్దతో నెల క్యాలెండర్ గీశాను. వచ్చే రోజులకు చుక్క, రాలేని రోజులకు కారణం. రాయాల్సిన బాధ్యత మేక పిల్లాడిది. మొదట ముభావంగానే రాశాడు. సాయంత్రం వెళ్లేముందు వచ్చేవారం సంగతి వాడికి చెప్పడం, వాడు గడి దగ్గర నిలబడి రాయడం మాకు అలవాటైంది. ఎన్ని వారాలకో, ఒకరోజు అడక్కుండానే పలక తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

మొన్న మాఘమాసంలో మా పెదనాన్న మనవరాలి పెళ్లి. రెండు వారాల ముందే వాడికి చెప్పాను. పెళ్లి నుంచి తిరిగొచ్చాక మంగళవారం బడికి వెళ్తే గోడ మీద ఆ శుక్రవారం గడిలో "అన్న రాడు. పెళ్లి" అని ఉంది. ళకారం కింద ఒత్తు ఎంత పెద్దగా పెట్టాడంటే, అది గీత దాటి కింది వారంలోకి దిగింది.