పారేసిన గాజులతో బొమ్మల తోట

గాజులు పగిలితే ఏం చేస్తారు? ఊడ్చి అవతల పోస్తారు. కప్పు విరిగితే పెంటకుప్ప మీద పారేస్తారు. అలా పారేసినవన్నీ ఏరి ఒకాయన పెద్ద తోటే కట్టారు. ఆయన పేరు నేక్ చంద్.

నేక్ చంద్ 1924లో రైతు కుటుంబంలో పుట్టారు. 1947లో దేశం రెండు ముక్కలైంది. ఆయన ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది. ఇల్లూ ఊరూ వదిలి ఇటు వచ్చేశారు. తర్వాత చండీగఢ్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరు ఉద్యోగం దొరికింది.

అప్పుడు చండీగఢ్ పట్నం కొత్తగా కడుతున్నారు. దానికోసం చాలా పల్లెలు కూల్చారు. పెంకులు, విరిగిన కుండలు, గాజు ముక్కలు గుట్టలుగా పడి ఉండేవి. నేక్ చంద్ వాటిని ఏరి సైకిలు మీద మోసుకుపోయేవారు. పట్నం అంచున అడవిలో దాచేవారు. పగలు ఉద్యోగం, పొద్దుగూకాక బొమ్మల పని. బయట ఎవరికీ తెలియనివ్వలేదు. ఎందుకంటే అది సర్కారు అడవి. అక్కడ ఏమీ కట్టకూడదు.

బొమ్మ ఎలా చేసేవారు? పాత సైకిలు చట్రం, ఇనుప ఊచలు తీసుకునేవారు. వాటితో ఆకారం కట్టేవారు. దాని మీద సిమెంటు, ఇసుక కలిపి మెత్తేవారు. తడి ఆరకముందే గాజు ముక్కలు, పింగాణీ ముక్కలు అద్దేవారు. ఎర్రగాజులు, పచ్చగాజులు ఆ బొమ్మలకు చీరలయ్యేవి.

1970ల మధ్యలో అధికారులకు తెలిసిపోయింది. వెళ్లి చూస్తే వందల బొమ్మలు! చట్టం ప్రకారం కూల్చేయాలి. ఉద్యోగం కూడా పోవచ్చు. సంగతి పట్నమంతా పాకింది. జనం వచ్చి చూశారు. కూల్చొద్దన్నారు. చివరికి సర్కారు ఒప్పుకుంది. 1976లో తోట అందరికీ తెరిచారు. నేక్ చంద్‌కు జీతమిచ్చి ఇదే పని చూసుకోమన్నారు. సాయానికి 50 మంది కూలీలను ఇచ్చారు.

1984లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2015లో కన్నుమూశారు. ఆ తోట పేరు రాక్ గార్డెన్, అంటే రాళ్ల తోట. దాదాపు 40 ఎకరాలుంటుంది. 2025లో రోడ్డు పని కోసం దాని గోడ కొంత కూల్చారు. అప్పుడూ జనం వద్దని నిలదీశారు.

పాత చీరలతో బొంత కుట్టే ఆడవాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. పాతదాన్ని పారేయకుండా పనికి తేవడం వాళ్లకు తెలిసిన విద్యే.

మాట్లాడుకోండి:
1. నేక్ చంద్ తన పని ఎందుకు దాచారు?
2. చట్టం కూల్చమంది, జనం వద్దన్నారు. మీరైతే ఏమంటారు?
3. బొంత కుట్టడం కూడా కళేనా? ఎందుకు?