మట్టిదోవ బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

ప్రశ్న: అన్నా, నాది పాత డీజిల్ బొలెరో. తుమ్మలపల్లె నుంచి పులివెందులకు, వేంపల్లెకు దినామూ తిరుగుతాంటా. సగం దూరం చీనీ తోటల మట్టిదోవే. ఆయిల్ మార్పించిన వారానికే కాటుక మాదిరి అయితాంది. మెకానిక్కేమో కంపెనీ ఫిల్టర్ ఎందుకు, సగం ధరకే ఇంకోటుందంటాడు. ఏం చెయ్యల్ల?

జవాబు: నలుపు చూసి భయపడకండి. డీజిల్ మండితే మసి పుడుతుంది. ఆ మసి ఒకచోట పేరుకోకుండా తనలో కలుపుకోవడం ఆయిల్ పనే. మీ దారిలో అసలు శత్రువు దుమ్ము. అందులోని ఇసుక రేణువు పిస్టన్ రింగుల్ని, లైనర్‌ని గీసేస్తుంది.

ఆ దుమ్ము ఇంజన్‌లోకి దూరేది గాలి దారినే. అందుకే మీరడిగింది ఆయిల్ ఫిల్టర్ గురించైనా ముందు ఎయిర్ ఫిల్టర్ సంగతి చెబుతాను. దాన్ని బయటికి తీసి, ఇంజన్ వైపు పోయే గొట్టం లోపల వేలికి తెల్లగుడ్డ చుట్టి తుడవండి. గుడ్డకు మట్టి అంటిందా, ఫిల్టర్ చినిగిందో, అంచు సరిగా కూర్చోలేదో, క్లిప్పు వదులైందో అన్నమాట. అది సరిచేయకుండా ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా బూడిదలో పోసిన పన్నీరే. టైర్లకు గాలి కొట్టే పైపుతో ఆ ఫిల్టర్‌ని ఊదించొద్దు, కాగితానికి చిల్లులు పడతాయి.

ఇక గడువు. చాలా కార్ల మాన్యువళ్లలో 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. అదే పుస్తకంలో దుమ్ము దారులకు వేరే లెక్క రాసుంటారు, దాన్ని ఎవరూ చదవరు! మీ బండికైతే నేను 5,000కే మార్పిస్తాను, ఫిల్టర్‌తో సహా.

సగం ధర ఫిల్టర్ వద్దు. డబ్బా పైకి ఒకేలా ఉన్నా తేడా లోపలి కాగితం మడతల్లో, వాల్వుల్లో ఉంటుంది. కాగితం మూసుకుపోతే ఇంజన్ ఎండిపోకుండా బైపాస్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వడకట్టకుండానే పంపుతుంది. నాసిరకంలో అది ముందే తెరుచుకోవచ్చు. కంపెనీదే కానక్కర్లేదు. పేరున్న బ్రాండు, మీ ఇంజన్‌కు సరిపోయే నంబరుది, బిల్లుతో కొనండి. బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. పాత రబ్బరు వాషర్ ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతే, దాని మీద కొత్తది కూర్చుని ఆయిలంతా దారిలోనే కారిపోతుంది.

ప్రశ్న: మా పెట్రోల్ కారు ఏడాదికి 3,000 కిలోమీటర్లు కూడా తిరగదు. అయినా మార్చాలా?

జవాబు: మార్చాలి, ఏడాదికోసారి. దగ్గర దూరాలే తిరిగే బండిలో ఇంజన్ బాగా కాగదు, తేమా పెట్రోలూ ఆయిల్‌లో మిగిలిపోతాయి.

ప్రశ్న: తీసిన పాత ఆయిల్‌ను ఎద్దు పుండుకు పూయొచ్చా? మా తాత పూసేవాడు.

జవాబు: వద్దు. అందులో క్యాన్సర్ తెచ్చే పదార్థాలుంటాయి. ఎద్దును పశువుల ఆస్పత్రికి తోలుకెళ్లండి. ఆయిల్‌ను క్యానులో పట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి. బోరు పక్కన మాత్రం పోయకండి.