కొత్త పంటు – కాగితం చదివి బేరం చేద్దాం



గోదావరి లంకల్లో ఉండేవాళ్లకు పంటు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రెండు పడవలను పక్కపక్కన పెడతారు. దూలాలతో కలిపి బిగిస్తారు. పైన బల్లలు పరుస్తారు. అదే పంటు. మనుషులు, మోటారు సైకిళ్లు, అరటి గెలలు, పాల క్యాన్లు అన్నీ దాని మీదే రేవు దాటుతాయి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ గోదావరి మీద ఏళ్ల తరబడి జనాన్ని దాటించింది పంటే.

పంటు కొనడమంటే లక్షల మీద పని. ఇంజను ఎంత బలం ఉండాలి? ధర ఎంత ఇవ్వాలి? ఒక లంక ఊరి కథ చదువుదాం. ఇందులోని ధరలు, బరువులు, వేగాలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ రేవులో అవి వేరుగా ఉంటాయి. లెక్క చేసే పద్ధతి మాత్రం ఒకటే.

1. నడి ఏట్లో ఆగిన ఇంజను

అది వానాకాలం. సాయంత్రం బడి వదిలారు. పిల్లలు పంటు ఎక్కారు. నడి ఏట్లోకి వచ్చేసరికి ఇంజను ఆగిపోయింది. ఎర్రనీరు పంటును కిందికి లాక్కుపోయింది. సరంగు లంగరు వేశాడు. పట్టలేదు. మళ్లీ వేశాడు. చివరకు ఒక ఇసుక దిబ్బ దగ్గర పట్టింది. చీకటి పడ్డాక చేపల పడవల వాళ్లు వచ్చి పిల్లలను ఒడ్డుకు చేర్చారు. అందరూ బతికారు. కానీ మర్నాడు ఒక్క తల్లీ పిల్లల్ని పంటు ఎక్కించలేదు.

ఆ రేవును పాడుకున్నది ఇరవై కుటుంబాల సంఘం. ఆ రాత్రే కూర్చున్నారు. “పాత ఇంజనుకు ఇక మరమ్మతులు వద్దు. కొత్త పంటు కొందాం” అనుకున్నారు. పొదుపు డబ్బు కొంత ఉంది. మిగతాది బ్యాంకు అప్పు. కొనే పని ముగ్గురికి అప్పగించారు. ఒకరు సంఘం లీడరు. ఒకరు సరంగు బాబాయి. మూడో మనిషి చిన్నక్క. ఆమె రాత్రి బడిలో కొత్తగా చదువు నేర్చుకుంది.

2. షాపు ఆయన సలహా

షాపు ఆయన కుర్చీలు వేయించాడు. టీ తెప్పించాడు.

“40 హెచ్.పి. వేయించుకోండమ్మా. రయ్యిన పోద్ది. 20 కన్నా రెండింతలు జోరు” అన్నాడు.

హెచ్.పి. అంటే గుర్రపు బలం. ఇంజను ఎంత బలంగా పని చేస్తుందో ఆ అంకె చెబుతుంది. 1 హెచ్.పి. అంటే 746 వాట్లు. కొన్ని ఇంజన్ల రేకు మీద కిలోవాట్లు అని ఉంటుంది. ఆ అంకెను 1.34తో గుణిస్తే హెచ్.పి. తెలుస్తుంది. 7.5 కిలోవాట్ల ఇంజను అంటే సుమారు 10 హెచ్.పి.

సరంగు బాబాయి నవ్వాడు. “బలం రెండింతలైతే జోరు రెండింతలు అవదండి. పడవ నీళ్లను తోసుకుంటూ పోవాలి కదండి. జోరు పెంచేకొద్దీ నీళ్లు మరీ అడ్డం పడతాయి” అన్నాడు.

బాబాయి మాట నిజం. బరువు పంటును 10 హెచ్.పి. ఇంజను గంటకు 8 కిలోమీటర్లు నడిపిందనుకుందాం. బలం రెండింతలు, అంటే 20 హెచ్.పి. చేస్తే వేగం సుమారు 10 కిలోమీటర్లే అవుతుంది. 40 హెచ్.పి. వేసినా సుమారు 12 లేక 13 దగ్గర ఆగుతుంది.

“ఇంటికెళ్లి లెక్క చూసుకుని వస్తామండి” అంది చిన్నక్క.

3. మన బరువు, మన నీరు

ఆ రాత్రి ముగ్గురూ పలక ముందు పెట్టుకున్నారు. ముందు బరువు లెక్క వేశారు.

మనుషులు 30 మంది, ఒక్కొక్కరు 60 కిలోలు: 1,800 కిలోలు.
మోటారు సైకిళ్లు 6, ఒక్కొక్కటి 120 కిలోలు: 720 కిలోలు.
సరుకులు: 280 కిలోలు.
మొత్తం: 2,800 కిలోలు.

తరవాత నీటి జోరు లెక్క. వానాకాలంలో తమ రేవు దగ్గర నీరు గంటకు 6 కిలోమీటర్లు పారుతుందని బాబాయి అంచనా. నీటికి ఎదురు తిరిగితే పంటు వేగంలోంచి ఆ 6 తీసెయ్యాలి.

10 హెచ్.పి.: 8 లోంచి 6 పోతే 2.
20 హెచ్.పి.: 10 లోంచి 6 పోతే 4.

“రెండు కిలోమీటర్లంటే ముసలమ్మ నడక. గాలి ఎదురొస్తే అదీ ఉండదు. 10 చాలదు” అన్నాడు బాబాయి.

“అయితే 40 వేద్దామా?” అంది లీడరు.

చిన్నక్క నూనె లెక్క తీసింది. పూర్తి జోరు మీద 10 హెచ్.పి. డీజిలు ఇంజను గంటకు సుమారు రెండున్నర లీటర్లు తాగుతుంది. 20 హెచ్.పి. అయితే 5 లీటర్లు. 40 అయితే 10 లీటర్లు. లీటరు 100 రూపాయలు అనుకుందాం. రోజుకు 6 గంటలు పూర్తి జోరు మీద తిప్పితే 20 హెచ్.పి.కి 3,000 రూపాయలు. 40కి 6,000 రూపాయలు. నెమ్మదిగా నడిపితే ఖర్చు తగ్గుతుంది. కానీ నెమ్మదిగా నడపడానికి అంత పెద్ద ఇంజను కొనడం ఎందుకు?

20 హెచ్.పి. చాలని తేలింది. అప్పుడు బాబాయి ఇంకో మాట అన్నాడు.

“20 ఒకటి కాకుండా 10వి రెండు వేద్దాం. పంటుకు పడవలు రెండు కదా! ఒక్కో పడవకు ఒక్కో ఇంజను. బలం అంతే. నడి ఏట్లో ఒకటి ఆగినా రెండోది ఒడ్డుకు చేరుస్తుంది.”

“రెండు ఇంజన్లంటే ఖర్చు కాస్త ఎక్కువ అవుద్దేమో” అంది లీడరు.

చిన్నక్క కూతురు ఆ రోజు పంటులో ఉంది. “అవనీ వదినా. ఆ రోజు రెండో ఇంజను ఉంటే పిల్లలు చీకట్లో అలా ఏడ్చేవాళ్లు కాదు” అంది. ఇక ఎవరూ మాట్లాడలేదు. రెండు ఇంజన్లకే తీర్మానం రాశారు.

4. చిన్న అక్షరాలు

మూడు షాపులను ఒకే సరుకు అడిగారు. 30 అడుగుల పంటు, 10 హెచ్.పి. ఇంజన్లు రెండు, రెండింటికీ వెనక్కి నడిచే గేరు. సరుకు వేరైతే ధరలు పోల్చలేం. నోటి మాట వద్దన్నారు. ధర కాగితం మీద రాసి ఇమ్మన్నారు. దీన్నే కొటేషన్ అంటారు.

మొదటి షాపు, అన్నీ కలిపి: 6,80,000 రూపాయలు.
రెండో షాపు: 6,10,000 రూపాయలు.
మూడో షాపు, అన్నీ కలిపి: 7,05,000 రూపాయలు.

“రెండోదే చవక! డెబ్భై వేలు మిగులుద్ది” అంది లీడరు.

చిన్నక్క ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టింది. అడుగున చిన్న అక్షరాలు ఉన్నాయి. వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. “ర-వా-ణా, బి-గిం-పు, ప-న్ను… వి-డి-గా.”

మర్నాడు ఫోన్ చేసి ఆ మూడూ ఎంతో అడిగారు. రవాణా 25,000. బిగింపు 30,000. పన్ను 30,500. మొత్తం 85,500. దీన్ని 6,10,000కు కలిపితే 6,95,500 రూపాయలు! చవక అనుకున్నది మొదటి షాపు కన్నా 15,500 ఎక్కువ.

5. బేరం

ముగ్గురూ మొదటి షాపుకు వెళ్లారు. మిగతా రెండు కాగితాలూ సంచిలో ఉన్నాయి. తమ దగ్గర ఎంత డబ్బు ఉందో ముందుగా చెప్పకూడదని అనుకున్నారు.

“6,20,000కు ఇవ్వండి” అంది లీడరు.

“అయ్యబాబోయ్! గిట్టదమ్మా. సరే, ఒక పని చేయండి. డబ్బంతా ఇవాళే కడితే 6,40,000కు ఇస్తాను. రేపైతే ఈ ధర లేదు” అన్నాడు షాపు ఆయన.

నలభై వేలు తగ్గుతుంది. లీడరు చిన్నక్క వైపు చూసింది. చిన్నక్క లేచి నిలబడింది.

“పంటు ఇంకా తయారవలేదు కదండి. డబ్బంతా ఇచ్చేస్తే రేపు తేడా వస్తే మా మాట ఎవరు వింటారు? మేం వెళ్లొస్తామండి.”

రెండు రోజులు గడిచాయి. షాపు ఆయనే ఫోన్ చేశాడు. చివరకు 6,60,000 దగ్గర తెగింది. ఆ ధరలోనే లైఫ్ జాకెట్లు 32, నీటిలో తిరిగే పంకా ఒకటి అదనంగా ఇస్తానన్నాడు. ధర ఇక దిగనప్పుడు ఇలా వస్తువులు అడగవచ్చు.

డబ్బు మూడు విడతలుగా ఇస్తామని కాగితం మీద రాసుకున్నారు. ముందుగా 2,00,000. పంటు కట్టడం పూర్తయ్యాక 2,60,000. నీటి పరీక్షలో నెగ్గాక 2,00,000.

6. నీటి పరీక్ష

పరీక్ష రోజు పంటు మీద జనాన్ని ఎక్కించలేదు. 50 కిలోల ఇసుక బస్తాలు 56 ఎక్కించారు. అంటే 2,800 కిలోలు. ఖాళీ పంటు జోరుగా నడిచింది. బరువు ఎక్కించేసరికి ఇంజన్లు మూలిగాయి. నల్ల పొగ వచ్చింది.

“కొత్తలో అలాగే ఉంటుంది. తిరగగా తిరగగా సర్దుకుంటుంది” అన్నాడు షాపు ఆయన.

“పంకా పెద్దదైందండి. ఇంజను దాన్ని తిప్పలేక రొప్పుతోంది” అన్నాడు బాబాయి.

చివరి రెండు లక్షలు ఇంకా సంఘం దగ్గరే ఉన్నాయి. నాలుగు రోజుల్లో షాపు ఆయన పంకాలు మార్చాడు. అదనంగా ఇచ్చిన పంకా కూడా అదే కొలతకు మార్చి ఇచ్చాడు. మళ్లీ బస్తాలు ఎక్కించారు. పొగ లేదు. మూలుగు లేదు. తరవాత ఒక ఇంజను ఆపి చూశారు. రెండోదానితో పంటు మెల్లగా ఒడ్డుకు వచ్చింది. అప్పుడే చివరి విడత ఇచ్చారు.

పంటును, ఇంజన్లను అధికారి తనిఖీ చేశాక రిజిస్ట్రేషన్ చేయించారు. బీమా కట్టారు. 2021లో వచ్చిన లోతట్టు జల నౌకల చట్టం ప్రకారం ఏరుల్లో తిరిగే ఇంజను పడవలకు తనిఖీ, రిజిస్ట్రేషన్ కావాలి.

మొదటి రోజు చిన్నక్క కూతురు జాకెట్ వేసుకుని పంటు ఎక్కింది. ఒడ్డున చిన్నక్క నిలబడి చూసింది.

ఒక హెచ్చరిక

ఇంజను ఎంత మంచిదైనా వరద ముందు చిన్నదే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకు రెండోది. 17.75 అడుగులకు మూడోది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఎంతోమంది చనిపోయారు. అధికారులు రేవు ఆపమంటే ఆపాలి. బేరం పోయినా ప్రాణం ఉంటుంది.

గుర్తుంచుకుందాం

● ముందు మన బరువు, మన నీటి జోరు లెక్క వేయాలి. తరవాతే ఇంజను ఎంచాలి.
● ఒకే సరుకుకు మూడు చోట్ల ధర రాయించుకోవాలి.
● అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవాలి.
● డబ్బంతా ముందే ఇవ్వకూడదు.
● పూర్తి బరువుతో నీటి పరీక్ష చేయాలి.

చదవండి – రాయండి

రవాణా, బిగింపు, విడిగా, విడత, కొటేషన్, లంగరు, సరంగు.

లెక్క చేయండి

1. 25 మంది మనుషులు, ఒక్కొక్కరు 60 కిలోలు. 4 మోటారు సైకిళ్లు, ఒక్కొక్కటి 120 కిలోలు. మొత్తం బరువు ఎంత?
2. ఒక షాపు ధర 5,40,000. రవాణా 20,000, బిగింపు 25,000, పన్ను 27,000 విడిగా. మొత్తం ఎంత?

మాట్లాడుకోండి

1. “ఇవాళే డబ్బంతా కట్టండి” అంటే చిన్నక్క ఎందుకు లేచి వచ్చింది?
2. మీ ఇంట్లో ఇటీవల కొన్న వస్తువు రసీదు తెండి. అందులో చిన్న అక్షరాల్లో ఏముందో కలిసి చదవండి.